బియ్యం కడిగిన నీళ్లు పడని మొక్క

తెలుగిళ్లలో మొక్కను సాకడానికి ఒక ఆనవాయితీ ఉంది. బియ్యం కడిగిన నీళ్లు గులాబీ మొదట్లో పోస్తారు. వడగట్టిన టీపొడి మందారానికి, కోడిగుడ్డు పెంకులు టమాటాకు, ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్లు ఏది వాడినట్టు కనిపిస్తే దానికి. మిద్దె తోటలు పెరిగాక వర్మీకంపోస్టు, జీవామృతం కూడా ఈ వరసలో చేరాయి. వంటింట్లో మిగిలినది మట్టికి చేరాలి, మట్టి మొక్కను పెంచాలి అన్న ఆలోచన మంచిది, తరతరాలుగా పనికొచ్చింది. కొన్నేళ్లుగా నగరాల బాల్కనీల్లోకి వచ్చి చేరుతున్న ఒక రకం మొక్కలకు మాత్రం ఈ ప్రేమంతా విషం.

అవే కీటకాహార మొక్కలు. బడి సైన్సు పుస్తకంలో నెపంథిస్ బొమ్మ గీసి, కూజాకు, మూతకు బాణం గుర్తులు పెట్టి మార్కులు తెచ్చుకున్న తరం ఇప్పుడు వాటిని ఫోన్లో చూసి తెప్పించుకుంటోంది. వీనస్ ఫ్లైట్రాప్, కూజా మొక్క, డ్రాసిరా, సారసీనియా. అట్టపెట్టెలో నాచు చుట్టుకుని వస్తాయి. పిల్లలు మొదటి రోజే పుల్లతో పొడిచి చూస్తారు. పెద్దవాళ్లు మంచి కుండీలోకి మార్చి, నాలుగు పిడికిళ్లు ఎరువు కలిపి, కడుపునిండా నీళ్లు పోస్తారు. కొన్ని వారాలకు ఆకులు నల్లబడతాయి, ఇంకొన్ని వారాలకు కుండీ ఖాళీ అవుతుంది. హస్తవాసి మంచిది కాదని ఒకరు, మన ఎండలకు ఇవి బతకవని ఇంకొకరు సర్దిచెప్పుకుంటారు.

రెండూ తప్పే. ఈ మొక్కల్లో ఎక్కువ భాగం తెగులు సోకి చావవు, ఎండకూ చావవు. వాటి పుట్టిల్లు ఎలాంటిదో కొన్నవాళ్లకు ఎవరూ చెప్పకపోవడం వల్ల చస్తాయి. ఆ మాట చెప్పాల్సిన బాధ్యత ముందుగా అమ్మేవాళ్లది.

ఫ్లైట్రాప్ పుట్టిల్లు చాలా చిన్నది. అమెరికా తూర్పు తీరంలో ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల్లో, విల్మింగ్టన్ పట్నం చుట్టూ వంద మైళ్ల లోపు ఉన్న తడి ఇసుక నేలల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది సహజంగా పెరగదు. పైన్ చెట్లు దూరదూరంగా నిలబడిన మైదానాలవి. వానలు విస్తారంగా పడి నేలలోని పోషకాలను కడిగేస్తాయి. అప్పుడప్పుడు వచ్చే కార్చిచ్చు పొదలను కాల్చేసి, నేలకు అంటుకుని ఉండే ఈ చిన్న మొక్కకు ఆకాశం కనిపించేలా చేస్తుంది. అంటే దానికి అలవాటైనవి మూడు: ఉప్పులేని నీరు, సారంలేని నేల, అడ్డులేని ఎండ. నత్రజని నేలలో దొరకదు గనుక ఆకునే నోరుగా మార్చుకుని పురుగుల నుంచి తీసుకుంటుంది. శక్తి మాత్రం అన్ని పచ్చని మొక్కల్లాగే వెలుతురు నుంచే. పురుగు దానికి అన్నం కాదు, ఎరువు. ఈ ఒక్క సంగతి తలకెక్కితే ఇంట్లో వచ్చే ఇబ్బందుల్లో సగం వాటంతట అవే విడిపోతాయి.

అన్నింటికంటే ముందు నీళ్లు. తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుంటే మేలని, వేరే దారి లేనిచోట 2000 దాకా ఒప్పుకోవచ్చని దేశంలోని తాగునీటి ప్రమాణం చెబుతుంది. కీటకాహార మొక్కలు పెంచేవాళ్లు పాటించే అంకె 50. మహా అయితే 100. హైదరాబాద్ శివార్లలోనో నల్లగొండలోనో బోరు నీటిలో ఈ లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే వచ్చే అంకె దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. కుళాయిలో వచ్చే కృష్ణా, గోదావరి నీళ్లు బోరు కంటే మెరుగే కానీ ఈ మొక్కలకు చాలవు. పళ్లెంలో పోసిన నీళ్లు ఆవిరైపోతాయి, లవణాలు కుండీలోనే మిగిలిపోతాయి. ప్రతి తడికీ కాస్త కాస్త పేరుకుంటాయి. అందుకే మొదటి నెల బాగానే ఉన్న మొక్క మూడో నెలలో ఉన్నట్టుండి దిగజారుతుంది. కుండీ అంచున తెల్లటి పొర కనిపించిందంటే వేర్లు అప్పటికే మాడుతున్నాయని అర్థం.

ఆర్‌వో నీళ్లే పోస్తున్నాం కదా అంటారు చాలామంది. ఇళ్లలో వాడే ఆర్‌వో యంత్రాల్లో కొన్ని, నీళ్లు చప్పగా ఉండకుండా కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతాయి, కొన్ని ఖనిజాలను చేరుస్తాయి. మనిషికి అది మంచిదే. ఇరవై లీటర్ల క్యాన్ల సంగతీ నమ్మకంగా చెప్పలేం. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోవడం, వందల రూపాయలు పోసి కొన్న మొక్కను పోగొట్టుకోవడం కంటే చౌక. బ్యాటరీల కోసం మెకానిక్ షాపుల్లో, పెట్రోలు బంకుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ పనికొస్తుంది. అది యాసిడ్ కలపని శుద్ధజలమేనని సీసా మీద చదివి తీసుకోవాలి. ఎండాకాలం ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లలోనూ లవణాలు బాగా తక్కువ. దుమ్ము, లోహపు జాడలు రావచ్చు గనుక ముందు మీటరుతో చూసి, వడగట్టి వాడుకునేవాళ్లు ఉన్నారు.

అన్నింటికంటే మేలైనది వాన నీరు. తెలుగు రాష్ట్రాల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా అది ఉచితంగా పడుతుంది. డాబా మీది నుంచి గొట్టంలో దిగిన నీటిలో సిమెంటు సున్నం, ఏడాది దుమ్ము కలిసి ఉంటాయి. దాని బదులు ఆకాశం కిందనే ఒక టబ్బు పెట్టి, తొలకరి జల్లు పారబోసి, తర్వాతి వానలు పట్టుకోవాలి. డ్రమ్ములో దాస్తే మూత బిగుతుగా ఉండాలి. మొక్క కోసం దాచిన నీళ్లలో డెంగీ దోమ పెరిగితే ఇంటిల్లిపాదికీ ముప్పు.

దోమ మాట వచ్చింది గనుక ఒక సంగతి. ఈ మొక్కలను దోమలు పట్టే మొక్కలని చెప్పి అమ్ముతున్నారు. ఫ్లైట్రాప్ తన సొంత నేలలో ఎక్కువగా పట్టేది చీమల్నీ, సాలీళ్లనూ. ఎగిరే పురుగులు దాని తిండిలో కొద్దిపాటివే. కిటికీలో రెండు కుండీలు పెడితే ఇంట్లో దోమలు తగ్గవు. డెంగీ, చికున్‌గున్యా కాలంలో ఇంటివాళ్ల భయాన్ని ఆసరా చేసుకుని ఇలాంటి మాట చెప్పడం అన్యాయం. దోమల లార్వాలను నిజంగా తినే కీటకాహార మొక్క ఒకటి ఉంది గానీ అది ఆ ప్రకటనల్లో కనిపించదు. చెరువుల్లో తేలుతూ, నీటి మీదికి పసుపు పూలు ఎత్తే యుట్రిక్యులేరియా అది. దాని నీటి తిత్తులు సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా ఎరను లోపలికి లాగేస్తాయి. అమెరికాలో మేరీ ట్రీట్ అనే ప్రకృతి పరిశీలకురాలు 1870లలో ఈ తిత్తుల్లో దోమ లార్వాలు చిక్కడం చూసి రాస్తే, డార్విన్ కీటకాహార మొక్కల మీద రాసిన తన పుస్తకంలో ఆమె పరిశీలనలను పేర్కొన్నాడు. మిద్దె మీద తామర టబ్బులు పెంచేవాళ్లలో కొందరు, దుంపలతో పాటు వచ్చిన ఈ మొక్కనే కలుపు అనుకుని పీకి పారేస్తుంటారు.

ఇక మట్టి. ఎర్రమట్టి, నల్లమట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు ఏదీ వద్దు. స్ఫాగ్నమ్ నాచు, లేదంటే కుళ్లిన నాచుతో ఏర్పడే పీట్‌లో తేలికైన పెర్లైట్ గుళికలు కలిపిన మిశ్రమం వాడాలి; పీట్ సంచి మీద ఎరువు కలిపినట్టు రాసి ఉంటే పక్కన పెట్టేయాలి. పీట్ బదులు కొబ్బరి పొట్టు వాడదామనే ఆలోచన మన దగ్గర సహజం, కోనసీమ పక్కనే ఉంది. ఆ పొట్టులో ఉప్పు ఉంటుంది. శుద్ధమైన నీటిలో పలుమార్లు నానబెట్టి, పిండి, చివరికి పిండిన నీటిలో మీటరు పెట్టి చూసి అంకె పడిపోయాకే ముట్టుకోవాలి. అందంగా ఉంటుందని మట్టి కుండీలో నాటడం మరో పొరపాటు. కాల్చిన మట్టి గోడల్లో లవణాలు ఊరతాయి. ప్లాస్టిక్ కుండీ చూడ్డానికి బాగుండకపోయినా మొక్కకు అదే క్షేమం.

ఎరువు పడితే ఏమవుతుందో కూజా మొక్క చక్కగా చూపిస్తుంది. ఆకులు నిగనిగలాడుతూ వెడల్పుగా వస్తాయి, తీగ పొడుగ్గా సాగుతుంది, కూజా ఒక్కటీ కట్టదు. యజమాని మురిసిపోతాడు, మళ్లీ ఎరువు వేస్తాడు. వేర్లకే నత్రజని అందుతున్నప్పుడు మొక్క కూజా కోసం శ్రమ పడదు. కూజా కట్టకపోవడానికి ఇంకో రెండు కారణాలూ ఉన్నాయి. ఒకటి వెలుతురు చాలకపోవడం. రెండోది గాలిలో తేమ లేకపోవడం. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ మధ్యాహ్నపు గాలికి ఆకు చివరి తీగ కొస ఎండిపోతుంది. ఒకసారి కొస ఎండిన ఆకుకు కూజా ఇక ఎప్పటికీ రాదు; దాని మీద ఎన్ని నీళ్లు చిలకరించినా లాభం లేదు. కొత్తగా వచ్చే ఆకు కోసం కాచుకోవాలి, దానికి నెలలు పడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్నాల వాళ్లకు ఈ విషయంలో గాలే సాయం చేస్తుంది.

కూజా మూత పురుగు పడగానే మూసుకుంటుందని చాలామంది నమ్ముతారు. మూసుకోదు. మొదట మూసి ఉన్న లేత కూజా పెద్దదయ్యాక ఒకసారి తెరుచుకుంటుంది, ఆ తర్వాత మూత కదలదు. వాన నీరు నిండిపోకుండా ఆపే గొడుగు అది. పురుగు జారి పడేది తడిసిన అంచు నున్నదనం వల్ల. మూత పాడైందేమోనని వేలితో కిందికి నొక్కి విరగ్గొట్టేవాళ్ల కోసం ఇది చెప్పాల్సి వస్తోంది. దారిలో పెట్టె తలకిందులై కూజాలోని ద్రవం ఒలికిపోతే, అడుగున కొద్దిగా డిస్టిల్డ్ వాటర్ పోసి అది ఎండిపోకుండా చూడొచ్చు. వచ్చిన వారంలోనే కుండీ మార్చి, చోటు మార్చి, మందు కొట్టడం మాత్రం చేయకూడదు. కొత్తింటికి వచ్చిన మొక్క పాత కూజాలను కొన్నింటిని వదిలేయడం మామూలే.

నీళ్లు పోయడంలోనూ ఈ మొక్కల మధ్య తేడా ఉంది. అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్ల పోయే మొక్కలు ఎన్నో. ఫ్లైట్రాప్, డ్రాసిరా, సారసీనియాలు బురద నేల బిడ్డలు. కుండీ కింద పళ్లెంలో ఒకటి రెండు సెంటీమీటర్ల నీరు నిలిచి ఉంటే సుఖంగా ఉంటాయి. కూజా మొక్క వేర్లకు తడి కావాలి, గాలీ కావాలి. పళ్లెంలో నీళ్లు నిలబెడితే వేరు కుళ్లుతుంది.

ఫ్లైట్రాప్ నోరు మూయడం చూడాలన్న కుతూహలాన్ని తప్పు పట్టలేం. డార్విన్ అంతటివాడే దాన్ని ప్రపంచంలోని అత్యద్భుతమైన మొక్కల్లో ఒకటిగా లెక్కపెట్టాడు. కానీ ఆ కదలిక మొక్కకు ఖరీదైన పని. ఒక్కో ఉచ్చు తన జీవితకాలంలో వేటాడి అరిగించుకునేది మూడు నాలుగు సార్లు మాత్రమే. లోపలి సన్నటి వెంట్రుకలకు సుమారు ఇరవై సెకన్లలోపు రెండుసార్లు తగిలితేనే మూసుకోవడం, ఉత్తుత్తి తాకిడికి శక్తి పోగొట్టుకోకుండా అది ఏర్పరుచుకున్న జాగ్రత్త. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఇంకో ముచ్చట బయటపెట్టారు. మూసుకున్నాక కూడా మొక్క తాకిడులు లెక్కపెడుతూనే ఉంటుంది. ఐదు దాటాకే జీర్ణరసాలు ఊరే పని మొదలవుతుంది. చచ్చిన ఈగను వేస్తే మర్నాటికి నోరు తెరిచి వదిలేసిందని ఫిర్యాదు చేసేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. లోపల గిలగిల కొట్టుకునేది ఏదీ లేదు గనుక అది ఎర కాదని మొక్క తేల్చుకుంది. చచ్చిన పురుగునే ఇవ్వాలనుకుంటే, మూసుకున్న ఉచ్చును బయటి నుంచి వేళ్లతో మెల్లగా కాసేపు నొక్కుతూ ఉండాలి.

ఎర ఉచ్చు పొడవులో మూడో వంతు ఉంటే చాలు. కాళ్లో రెక్కలో బయటికి పొడుచుకొచ్చేంత పెద్దదైతే అంచులు అతుక్కోవు, లోపల బూజు పట్టి ఉచ్చు నల్లగా కుళ్లుతుంది. పనీర్ ముక్క, చికెన్ ముక్క, గుడ్డుసొన పెట్టే సరదా కూడా మానుకోవాలి. ఇది కొత్త సరదా ఏమీ కాదు. డెలవేర్ వాసి విలియం కాన్‌బీ 1868 ప్రాంతంలోనే ఫ్లైట్రాప్‌కు చీజ్ పెట్టి చూశాడు. ఆకు నల్లబడి చచ్చింది. డార్విన్ ఆ ఫలితాన్ని 1875లో వచ్చిన తన కీటకాహార మొక్కల పుస్తకంలో నమోదు చేశాడు. నూటయాభై ఏళ్ల కిందట తేలిపోయిన ప్రయోగాన్ని బాల్కనీల్లో మళ్లీ మళ్లీ చేయాల్సిన పని లేదు.

శాకాహారుల ఇళ్లలో ఒక సంకోచం ఉంటుంది. పురుగుల్ని చంపి వేయాలా అని. అక్కర్లేదు. వెలుతురు, మంచి నీరు ఉంటే పురుగు ఒక్కటీ లేకపోయినా మొక్క బతుకుతుంది, కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్ 1878లో డ్రాసిరా మొక్కలను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి వేయించిన మాంసపు నలుసులు పెట్టి, రెండో భాగాన్ని పస్తు ఉంచి చూశాడు. తిన్నవి బలంగా పెరిగి ఎక్కువ గింజలు కట్టాయి. పస్తులున్నవి చావలేదు. బయట బాల్కనీలో ఉంచితే చీమలు, చిన్న పురుగులు వాటంతట అవే వస్తాయి. ఆ లెక్క మొక్కకు వదిలేయొచ్చు.

ఆఫీసు బల్ల మీద, టీవీ పక్కన పెట్టుకునే మొక్కగా వీటిని అమ్మడం ఇంకో అబద్ధం. నీడలో ఫ్లైట్రాప్ ఆకులు సన్నగా, పొడుగ్గా సాగి వాలిపోతాయి. లోపలి ఎరుపు పాలిపోతుంది. ఉచ్చు బద్ధకంగా సగం మూసుకుంటుంది. డ్రాసిరా ఆకుల మీది జిగురు చుక్కలు మాయమవుతాయి. తూర్పు బాల్కనీలో నాలుగైదు గంటల ఉదయపు ఎండ పడితే రెండూ తేరుకుంటాయి. మే నెల మధ్యాహ్నపు ఎండకు మాత్రం నల్ల ప్లాస్టిక్ కుండీ లోపల వేర్లు ఉడికిపోతాయి. కుండీని ఇంకో పెద్ద తెల్ల కుండీలో దించి, పైన సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కడితే గట్టెక్కుతాయి. మూతపెట్టిన గాజు సీసాలో నాటి కిటికీ ఎండలో పెట్టిన మొక్కకు ఆ అవకాశం కూడా ఉండదు.

పురుగుల్ని తినే మొక్కకు పురుగు పట్టడం చాలామందికి వింతగా ఉంటుంది. ఫ్లైట్రాప్ నడిమి చిగురు వంకరగా, ముడుచుకుని వస్తుంటే పేనుబంకను అనుమానించాలి. కుండీతో సహా మొక్క మొత్తాన్ని ఒకటి రెండు రోజులు వాన నీటిలో ముంచి ఉంచితే చాలావరకు పోతుంది. కూజా మొక్క ఆకు మొదళ్లలో పిండినల్లి చేరుతుంది, తేనె కోసం వచ్చే చీమలు దాన్ని కాపాడతాయి. తడి దూదితో ఓపిగ్గా తుడవాలి. మన ఇళ్లలో అలవాటైన వేపనూనె, సబ్బు నీళ్ల పిచికారీ డ్రాసిరా జిగురు ఆకుల మీద పడితే అవి కాలినట్టవుతాయి. ఎండిన ఉచ్చుల మీద బూడిద రంగు బూజు కనిపిస్తే వాటిని కత్తిరించి, గాలి ఆడే చోటికి మారిస్తే సరి.

అసలు చిక్కు శీతాకాలంలో ఉంది. కరోలినాలో జనవరి రాత్రులు గడ్డకట్టే చలికి దగ్గరగా దిగుతాయి. ఫ్లైట్రాప్, సారసీనియా అక్కడ మూడు నాలుగు నెలలు నిద్రపోతాయి. ఆకులు పొట్టివై, కొన్ని నల్లబడి, మొక్క నేలలోకి ముడుచుకుంటుంది. ఫిబ్రవరి దాటాక తిరిగి లేస్తుంది. విజయవాడలో, చెన్నైలో, హైదరాబాద్‌లో ఆ చలి రాదు. నిద్ర లేని మొక్క ఒక ఏడాది నెట్టుకొస్తుంది, రెండో ఏడాది చిక్కిపోతుంది, ఆపైన పోతుంది. దీనికి పట్టుదల ఉన్నవాళ్లు చేసే ఉపాయం ఫ్రిజ్. డిసెంబరులో దుంపను తీసి, ఎండిన ఆకులు తీసేసి, తడిపి పిండిన నాచులో చుట్టి, జిప్ కవరులో పెట్టి, కూరగాయల అరలో రెండు మూడు నెలలు ఉంచుతారు. వారానికోసారి తెరిచి బూజు పట్టలేదని చూసుకుంటారు. లంబసింగి, అరకు, పాడేరు, ఆదిలాబాద్ వైపు ఉన్నవాళ్లకు ఆరుబయటే కొంత చలి దొరుకుతుంది.

అందుకే మైదాన ప్రాంతపు తెలుగు పట్నాల్లో మొదటిసారి కొనేవాళ్లకు ఫ్లైట్రాప్ సరైన మొక్క కాదు. అమ్మకాల్లో అదే ముందు, బతకడంలో అదే వెనక. వేడిని ఓర్చుకునే డ్రాసిరాలు, పల్లపు అడవుల కూజా మొక్కలు, కొన్ని కూజా సంకరాలు ఇక్కడ ఎంతో నయం. వెంట్రాటా అనే సంకరం అలాంటిదే, పెంపకందారుల్లో మొండిఘటమని పేరు తెచ్చుకుంది. చల్లటి కొండ రాత్రులు కావాల్సిన బోర్నియో జాతుల జోలికి మాత్రం ఫొటోలు చూసి వెళ్లకూడదు. ఈ ముక్కలు అమ్మేచోట ఒక చీటీ మీద ఉండాలి: మొక్క పేరు, పుట్టిన నేల, ఏ నీరు పోయాలి, చలి నిద్ర కావాలా వద్దా. నాలుగు వరసల చీటీ. కడియం నర్సరీల్లో మామిడి అంటుకు కూడా రకం పేరు రాసి కడతారు. దాని కంటే ఎక్కువ ధర పలికే ఈ చిన్న మొక్కకు ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు? నీలం, ఊదా, ఇంద్రధనుస్సు రంగుల ఫ్లైట్రాప్ గింజలంటూ పొట్లాలు అమ్మేవాళ్లను అయితే అమ్మకపు వేదికల నుంచే తీసేయాలి. అలాంటి రంగుల ఫ్లైట్రాప్ లేదు. నిజమైన గింజ నల్లగా, ఆవగింజ కంటే చిన్నదిగా ఉంటుంది. మొలిచాక పెద్ద మొక్క కావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.

కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇది పెంచిన మొక్కా, అడవిలో తవ్వినదా? ఉత్తర కరోలినాలో దొంగతనాలు పెరిగి, 2014 డిసెంబరు నుంచి అడవి ఫ్లైట్రాప్‌ను తవ్వుకుపోవడాన్ని తీవ్ర నేరంగా మార్చాల్సి వచ్చింది. రాలీ, కేరీ, షార్లెట్‌లలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు ఆ మొక్క పుట్టిన నేల కారులో కొద్ది గంటల దూరమే. కరోలినా బీచ్ స్టేట్ పార్కులో దాన్ని సొంత మట్టిలో చూడ్డానికి ఒక నడకదారే ఉంది. భారతదేశానికి ఉన్న ఒకే ఒక్క కూజా జాతి, నెపంథిస్ ఖాసియానా, మేఘాలయ కొండల్లోది. గారో ప్రజలు దాన్ని మెమాంగ్ కోక్సి అంటారు, దయ్యపు బుట్ట అని అర్థం. బాగ్‌మారా దగ్గర దానికోసమే ఒక చిన్న రక్షిత వనం ఉంది. అరుదైన జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందంలో అత్యంత కట్టుదిట్టమైన జాబితాలో ఉన్న మొక్క అది. ఎక్కడ పెంచారో చెప్పలేని అమ్మకందారు దగ్గర దాన్ని కొనకూడదు.

తెలుగు నేల మీదా ఇవి ఉన్నాయి. వానలు తగ్గాక తూర్పు కనుమల తడి రాతి నేలల మీద, సారంలేని ఇసుక పల్లాల్లో రూపాయి బిళ్లంత ఎర్రటి పువ్వులా నేలకు అతుక్కుని కనిపించేది డ్రాసిరా బర్మానీ. దాని పక్కనే నిటారుగా, సన్నటి ఆకులతో మెరిసేది డ్రాసిరా ఇండికా. ఇంటికి తవ్వి తెస్తే బతకవు, ఆ చోటా బోసిపోతుంది. నర్సరీ నుంచి కొన్న బర్మానీ కూడా పూలు పూశాక కొన్ని నెలలకే వాడిపోతుంది. అది ఏడాదిలోపే బతుకు ముగించే మొక్క, అందులో యజమాని తప్పేమీ లేదు. పూల కాడ ఎండగానే కింద తెల్ల కాగితం పట్టి తడితే ధూళిలాంటి నల్లటి గింజలు రాలతాయి. వాటిని తడి పీట్ మీద చల్లి, పైన ఏమీ కప్పకుండా వెలుతురులో ఉంచితే మళ్లీ మొలుస్తాయి.

ఫ్లైట్రాప్ పోయిందని కుండీ బోర్లించే ముందు కూడా ఒకసారి చూడాలి. పైన అన్నీ నల్లబడినా మిశ్రమాన్ని వేలితో పక్కకు తొలిస్తే లోపల ఉల్లికాడ మొదలులాంటి చిన్న తెల్లటి దుంప ఉంటుంది. మెత్తగా, గోధుమ రంగులో ఉంటే అది పోయినట్టే. గట్టిగా, తెల్లగా ఉంటే శుద్ధమైన నీటితో కడిగి, కొత్త నాచులో నాటి, ఉదయపు ఎండ తగిలేచోట ఉంచాలి. చిగురు రావడానికి నెల పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. ఈలోపు పళ్లెంలో వాన నీళ్లు తగ్గకుండా చూస్తే చాలు.